నీడ డ్రైవరు

బస్సు నడిపినన్నాళ్లూ ఆయన్ని ప్రయాణికులు నీడ డ్రైవరు అనే పిలిచారు. టీ కోసం ఆపినా, టైరు మార్చడానికి ఆపినా, ముందు తల బయటపెట్టి ఏ చెట్టు నీడ ఎటు వాలుతోందో చూసుకునేవాడు. జనం తిరిగి ఎక్కేసరికి సీట్లు చల్లగా ఉండేవి. చంటిపిల్లల తల్లులు ముందొచ్చిన బస్సు వదిలేసి ఆయన బస్సు కోసం కూర్చునేవారు. ఉద్యోగం అయిపోయాక ఆయనకు మిగిలిన బిరుదు అదొక్కటే.

ఇప్పుడు ఆయన నడుపుతున్నది బడిపిల్లల్ని తిప్పి తిప్పి అలిసిపోయిన పాత వ్యాను. సీట్లు పీకేసి రెండు బల్లమంచాలు వేశాడు. గ్యాసు పొయ్యి, గిన్నెలు దొర్లకుండా అడ్డుకర్ర ఉన్న అలమర బిగించాడు. పైకప్పు మీద రెండు సోలార్ ప్యానెళ్లు, మంచం కింద బ్యాటరీ, పక్కగోడకు ఛార్జరు పెట్టె. ఈ కరెంటు పనంతా బావమరిదిది. అతను మేడలెక్కి ఇళ్లకు సోలార్ బిగిస్తుంటాడు. చిన్నతనంలో ఏ స్విచ్చు ముట్టుకున్నా ఇల్లంతా చీకటయ్యేది కాబట్టి, పని నేర్చి పదిమందికి వెలుగు ఇస్తున్నా ఇంట్లోవాళ్లకు ఫ్యూజుగానే మిగిలిపోయాడు.

ఈ హంగామా అంతా డ్రైవరు భార్య కోసం. ఆమెకు నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు. ముక్కుకు తొడుగు పెట్టుకుని, చిన్న మిషను ఊదే గాలితో పడుకోవాలి. అది లేకుండా కన్ను మూయొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఎక్కడ కరెంటు పోతుందోనన్న భయంతో ఆమె కొన్నేళ్లుగా పరాయి చోట పడుకున్నదే లేదు.

కోరిక మాత్రం అంతకంటే పాతది. మొగుడు బతుకంతా నడిపిన రూటులో ఆఖరి స్టాపు చూడాలి. పొద్దున్నే బయల్దేరి ఆ ఊరు చేరి, రాత్రి అక్కడే పడుకుని, మర్నాడు తిరిగొచ్చేవాడాయన. కాపురంలో సగం రాత్రులు ఆమెవైతే సగం ఆ ఊరివి. ఒకసారి తీసుకెళ్లమని కొత్తకాపురంలో అడిగింది. పిల్లలు, చాకిరీ, ఆపైన ఈ మిషను, ఒకదాని వెనక ఒకటి అడ్డం పడి ఆ మాట అలాగే ఉండిపోయింది.

"సవతిని చూడ్డానికి ఇంత ఆరాటపడే ఆడమనిషిని నిన్నే చూశానక్కా," అన్నాడు ఫ్యూజు బయల్దేరిన రోజు.

"ఉంటే బాగుండేదిరా. ఈయన బట్టలు సగమన్నా ఆవిడ ఉతికేది," అంది ఆమె.

"అక్కాతమ్ముళ్లిద్దరూ ఇక్కడే దిగి మాట్లాడుకోండి. నేను పోయి ఆవిడతో చెప్పొస్తాను," అన్నాడు డ్రైవరు గేరు మారుస్తూ.

బస్సైతే ఒక్క పగటిలో లాగేసే దూరమే. కానీ ఎండ ముదిరితే ఆమె తట్టుకోలేదని డ్రైవరు పొద్దుటిపూట కాస్త, చల్లబడ్డాక కాస్త నడుపుతున్నాడు. మధ్యలో ఎండంతా ఏదో ఒక చెట్టు కిందే.

మొదటి రాత్రి తెల్లవారకముందే మిషను ఆగిపోయింది. రెండో రాత్రీ అంతే. ఆమె నోరు ఎండిపోయి, తల దిమ్మెక్కి లేచింది. డ్రైవరు ఆమెకు మంచినీళ్లు ఇచ్చాడు. టీ తాగి గ్లాసు కడిగి బోర్లించాక అన్నాడు.

"ఇవాళ రాత్రి కూడా ఆగితే రేపు పొద్దున బండి వెనక్కి తిప్పుతాను. ఊరెక్కడికీ పారిపోదు. నీ ప్రాణం కంటే ఎక్కువా?"

ఆమె సరేనని తలూపింది. ఆయన సంగతి ఆమెకు తెలుసు. ఒకసారి చేతకాలేదనుకున్న పని జోలికి మళ్లీ పోడు. వెనక్కి తిరిగిన బండి ఇంటి ముందు టార్పాలిన్ కప్పుకుని పడుకుంటుంది. ఇక ఆ ఊరు వినికిడి ఊరే.

ఫ్యూజు అప్పటికే వ్యాను పైకెక్కి ప్యానెళ్లు తుడిచి, వైర్ల మొనలన్నీ విప్పి బిగించి, మీటరు పట్టుకుని దిగాడు.

"ప్యానెళ్లు బాగున్నాయి. వైర్లు బాగున్నాయి. ఛార్జరు బాగుంది. ఇంటిల్లిపాదీ క్షేమమే బావా. మరి బ్యాటరీ ఎందుకు నిండదో!"

"నీ పోలికేమో. ఎంత పెట్టినా నిండదు."

"నేను బిగించిన ఇళ్లల్లో ఒక్కటంటే ఒక్కటి ఇలా మొరాయించలేదు. మీ చేతి వాటమే ఏదో తేడా."

"నేను ముట్టుకున్నది స్టీరింగు ఒక్కటేనయ్యా!"

వాళ్లిద్దరూ ముందు సీట్లలో వాదించుకుంటూ ఉంటే, ఆమె వెనక మంచం మీద పడుకుని ఎదురుగోడకున్న ఛార్జరు పెట్టెను చూస్తూ వచ్చింది. చూడటానికి అక్కడ ఇంకేమీ లేదు మరి. పెట్టె మీద చిన్న పచ్చదీపం. అది ఆరి వెలుగుతుంటే బ్యాటరీలోకి కరెంటు ఎక్కుతున్నట్టు, కదలకుండా వెలిగితే నిండినట్టు అని తమ్ముడు చెప్పాడు. బండి నడుస్తున్నంతసేపూ అది కనురెప్పలా కొట్టుకుంటూనే ఉంది. బండి ఆగాక చచ్చిపోతోంది. ఇంజనుతోపాటు అదీ ఆగుతుంది కాబోలు అనుకుంది మొదట.

ఆ పొద్దున రైలు గేటు పడింది. ముందూ వెనకా లారీలు, ఎటూ కదలడానికి లేదు. డ్రైవరు ఇంజను ఆపి, నీడ లేని చోట ఇరుక్కున్నందుకు రైళ్లన్నిటినీ తిట్టాడు. లోపల రేకు వేడెక్కి ఆమెకు చెమటలు పోశాయి. కానీ పచ్చదీపం కొట్టుకుంటూనే ఉంది. ఇంజను ఆగినా కొట్టుకుంటోంది. ఆమె లేచి కూర్చుంది.

గేటు లేచింది. కాసేపు నడిచాక రోడ్డు పక్కన గుబురుగా పెద్ద చెట్టొకటి కనబడింది. డ్రైవరు ముఖం విచ్చుకుంది. ముందుకు తీసి, వెనక్కి తీసి, పొద్దు వాలినా నీడ తప్పిపోకుండా లెక్కచూసుకుని ఆపాడు. పచ్చదీపం రెండుసార్లు మినుకుమని ఆరిపోయింది.

ఆమెకు అర్థమైపోయింది. ఆయన దిగి చుట్టూ తిరిగి వచ్చి, ప్రతిసారిలాగే అరచెయ్యి రేకు మీద ఆనించి, కిటికీలోంచి అడిగాడు. "చల్లగా ఉందా?"

అలా అడిగేటప్పుడు ఆయన కళ్లల్లో ఒక వెలుగుంటుంది. ఉన్న విద్యల్లో ఆయనకు బాగా వచ్చింది అదే. ఆ విద్యే కొంప ముంచుతోందని ఎలా చెప్పడం? చెప్పకపోతే రేపు ఇంటిదారి. ఆమె చీర కుచ్చెళ్లు సర్దుకుని మెల్లగా దిగింది. చెట్టు మొదట్లో తువ్వాలు పరుచుకుని తమ్ముడు అప్పుడే గురక మొదలెట్టాడు.

"ఏవండీ, బండి కాస్త ఆ ఎండలోకి తీయండి."

"ఎండలోకా? నీకేమైనా పట్టిందా? పెనం మీద కూర్చున్నట్టుంటుంది."

"మనకు కాదండీ, దానికి." పైకప్పు వైపు చూపించింది. "అది తినేది ఎండ. చల్లపూట మనం తిరుగుతున్నాం, అప్పుడు దానికి దొరికేది నాలుగు మెతుకులు. నడిమధ్యాహ్నం విస్తరి వేసే వేళకు తీసుకొచ్చి నీడలో కట్టేస్తున్నాం. ఇంక రాత్రికి ఎక్కడినుంచి తెచ్చిపెడుతుంది?"

డ్రైవరు పైకి చూశాడు. ఆకుల నీడ ప్యానెళ్ల నిండా నల్లగా పరుచుకుని ఉంది. ఫ్యూజు ఎప్పుడు లేచాడో, తల పట్టుకుని కూర్చున్నాడు.

"నా మతి మండ! మేడ మీద బిగించి దిగిపోవడమే ఎరుగుదును. ఇల్లు లేచి చెట్టు కిందికి నడవదు కదా! ఇది నడిచే కొంప అని తట్టలేదు. నేను పొద్దున ఎండలో మీటరు పెట్టడం, మధ్యాహ్నం పడుకోవడం!"

"నా చేతి వాటమే తేడా అన్నావు," అన్నాడు డ్రైవరు నెమ్మదిగా.

"అది నిజమే కదా బావా."

డ్రైవరు చెట్టు మాను మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "బతుకంతా నీడ వెతకడమే నేర్చుకున్నానే," అన్నాడు, భార్యతోనో చెట్టుతోనో తెలియకుండా.

"ఎవరు కాదన్నారు? ఈ రెండ్రోజులూ నేను చల్లగానే ఉన్నాను," అంది ఆమె.

ఆయన బండెక్కి ఎండలోకి తీశాడు. పచ్చదీపం కొట్టుకోవడం మొదలెట్టింది. కానీ కాసేపటికే లోపల ఊపిరాడని ఉక్క. పైగా బ్యాటరీకి కూడా అంత వేడి మంచిది కాదని ఫ్యూజు గొణిగాడు. ముగ్గురూ బయట నిలబడి బండిని చూశారు. ఎండలో ఉంటే ఒక తంటా, నీడలో ఉంటే ఇంకో తంటా.

అప్పుడు డ్రైవరే అడిగాడు. "ఆ ప్యానెల్ కిందికి దిగుతుందా?"

"బోల్టులు విప్పితే దిగుతుంది. ఎందుకు?"

"ఆవును మేపేవాడు దాంతోపాటు ఎండలో నిలబడతాడా? పలుపు పొడుగ్గా వదిలి, తను చెట్టు కింద కూర్చుంటాడు. బండిని నీడలో ఉంచుదాం. దీన్ని మేతకు వదులుదాం. పలుపు సంగతి నువ్వు చూడు."

ఫ్యూజు బావ వంక నోరు తెరుచుకుని చూసి, సంచిలోంచి లావుపాటి వైరు చుట్ట తీశాడు. పొడుగెక్కువైతే వైరు లావుగా ఉండాలని, లేకపోతే కరెంటు దారిలోనే నీరసపడుతుందని చెబుతూ చకచకా ముడులు బిగించాడు. ఒక ప్యానెల్‌ను ఇద్దరూ పట్టి దించి, దూరంగా బీడులో రెండు రాళ్లకు ఆనించారు. బండి మళ్లీ చెట్టు కిందికి చేరింది. లోపల పచ్చదీపం కొట్టుకుంటూనే ఉంది.

ఆ మధ్యాహ్నం ఆమె కిటికీలోంచి చూస్తూ పడుకుంది. నీడ డ్రైవరు తలకు తువ్వాలు చుట్టుకుని ఎండలో పీట వేసుకుని కూర్చున్నాడు. పొద్దు జరిగినప్పుడల్లా లేచి ప్యానెల్‌ను అటు తిప్పుతున్నాడు. తన నీడ దాని మీద పడకుండా వంగి, వెనకనుంచి చెయ్యి చాచి దుమ్ము తుడుస్తున్నాడు. ఇటు రమ్మని బావమరిది పిలిస్తే, "నువ్వు పడుకో, మేత నేను చూస్తాను," అని కసిరాడు. ఎండ మెత్తబడేసరికి పచ్చదీపం కొట్టుకోవడం మానేసి నిలకడగా వెలిగింది.

మర్నాడు ఆమెకు మెలకువ వచ్చేసరికి కిటికీలో తెల్లటి వెలుగు. చెవి పక్కన మిషను సన్నగా ఊదుతూనే ఉంది. తల దూదిలా తేలిగ్గా ఉంది. డ్రైవరు మెట్టు మీద కూర్చుని, బూట్లు తొడుక్కుని, తాళంచెవి వేలికి తగిలించుకుని ఉన్నాడు. ఎంతసేపటినుంచి అలా ఉన్నాడో.

"లేపొచ్చు కదండీ!"

"మిషను పని చేస్తోంది కదా, దాని పని చెడగొట్టడమెందుకని," అన్నాడు.

ఆఖరి స్టాపు చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. పెద్ద ఊరేమీ కాదు. ఒక ఖాళీ స్థలం, మూతపడ్డ టికెట్ల గది, దాని వెనక ఎత్తైన ఇటుక గోడ. గోడ పక్కన బస్సంత పొడుగున చల్లటి నీడ. నేల మీద పాత ఇంజనాయిల్ మరకలు ఇంకా నల్లగా ఉన్నాయి.

"ఇదుగో, ఇదే నా చోటు. పడుకున్నదంతా ఇక్కడే," అన్నాడు డ్రైవరు.

"సవతి గోడన్నమాట," అన్నాడు ఫ్యూజు.

బండి ఆ నీడ దాకా వెళ్లి, ఆగబోయి ఆగలేదు. ఆయన దాన్ని దాటించి, స్థలం నడిబొడ్డున నిప్పులు చెరిగే ఎండలో ఆపి, ఇంజను కట్టేశాడు. దిగి చుట్టూ తిరిగి వచ్చి ఆమెకు చెయ్యి అందించాడు.

ఆమె నడిచి వెళ్లి, ఆ గోడకు వీపు ఆనించి, నీడలో నిలబడింది.

"చల్లగా ఉందా?" అని అరిచాడాయన ఎండలోంచి.