పెరటింట్లో బాలింత

ఈశ్వరప్రసాద్ గారూ, ఆ పసిదాన్ని చంపింది మీరు. వాళ్ళ అమ్మమ్మ కాదు. ఎండ కూడా కాదు. మీరు. మీ తర్వాత, మీ మాటకి తలూపుతూ బతుకుతున్న మేమందరం. పురుడు కూడా తీరని పిల్ల అది. పేరు పెట్టలేదు. హాస్పిటల్ వాళ్ళు చేతికి కట్టిన పట్టీ మీద తల్లి పేరు రాసుకున్నారు, అంతే.

మొన్న మీ ఇంట్లో భజనకి వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట. ముసలావిడ చాదస్తం వల్ల పిల్ల పోయిందని. మీరు కళ్ళు మూసుకుని, ఎవరి రాత వాళ్ళది, మన చేతుల్లో ఏముంది అన్నారు. చల్లటి హాలు. అందులో కూర్చుని పులిహోర తింటూ ఒక్కరు కూడా మిమ్మల్ని ఒక్క ప్రశ్న వెయ్యలేదు. నేను వేస్తున్నాను. జరిగింది జరిగినట్టు ముందు చెప్పి, అప్పుడు వేస్తున్నాను.

క్వేకర్స్ హిల్‌లో మీకున్న ఇళ్ళలో ఒకదాంట్లో మేం అద్దెకుంటున్నాం. మేం దిగినప్పుడు పెరట్లో పెద్ద యూకలిప్టస్ చెట్టుండేది. దాన్ని కొట్టించారు. నేలంతా కాంక్రీటు పోయించారు. దాని మీద రెండు గదుల ఇల్లు లేపారు. ఇక్కడ గ్రానీ ఫ్లాట్ అంటారు దాన్ని. పైన నల్ల రేకు, చుట్టూ చూరన్నది లేదు. పడకగది నైరుతిలో పెట్టించి, పక్కా వాస్తు అని వాట్సాప్ గ్రూపులో వేసుకున్నారు. జనవరి ఇక్కడ నడివేసవి, ఆ నెల సాయంత్రాలు సూర్యుడు దిగేది సరిగ్గా ఆ నైరుతి గోడ మీదుగానే. ఆ గోడ మీద ఎప్పుడైనా చెయ్యి పెట్టి చూశారా? రొట్టె కాల్చుకోవచ్చు.

అందులోకి విజయభాస్కర్, నీలిమ జూన్‌లో, ఇక్కడి చలికాలంలో దిగారు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి వచ్చిన పిల్లలు. అప్పటికే నీలిమ నెల తప్పింది. భాస్కర్‌కి ఉద్యోగం ఇప్పించింది మీ స్నేహితుడు. వీసా, రేపు రావాల్సిన శాశ్వత నివాసం పీఆర్, రెండూ ఆ ఉద్యోగానికి కట్టేసి ఉన్నాయి. ఇల్లు మీది. మధ్యలో ఏజెంటు లేడు. మనం మనం అన్నారు. ఆ రెండు మాటలే మీకు అగ్రిమెంటు. చలికాలంలో ఇల్లు బాగానే ఉంది. నీలిమ కిటికీ దగ్గర పుదీనా కుండీ పెట్టుకుంది. మా ఇంటికొచ్చి, అక్కా, ఇక్కడ కాన్పయితే అమ్మ వస్తుంది, ఇంక నాకేం భయం లేదు అని చెప్పుకుని మురిసిపోయింది.

డిసెంబర్లో వాళ్ళమ్మ శేషుకుమారి రేపల్లె నుంచి వచ్చింది. సూట్‌కేసు నిండా శొంఠి, ధనియాల కారం, సాంబ్రాణి, పొత్తిళ్ళకి ఉతికి మెత్తబడ్డ నూలు చీరలు. ఇద్దరు కూతుళ్ళకీ ముగ్గురు మేనకోడళ్ళకీ పురుళ్ళు పోసిన మనిషి. ఆవిడ పద్ధతి మన అందరిళ్ళలో ఉన్న పద్ధతే. బాలింతకి చెవుల్లో దూది, తలకి గుడ్డ, గాలి తగలకూడదు, చల్లనీళ్ళు ముట్టకూడదు, వేడినీళ్ళు కూడా గుక్కెడే. పిల్లని పొత్తిళ్ళలో బిగించి చుట్టాలి. కొత్త సంవత్సరం వచ్చిన వారంలోనే ఆడపిల్ల పుట్టింది. ఇంటికి తెచ్చిన రోజు సాంబ్రాణి వేస్తే పొగ అలారం గోల పెట్టింది. భాస్కర్ తువ్వాలు పట్టుకుని దాని కింద గంతులేశాడు. అందరం నవ్వుకున్నాం. ఆ ఇంట్లో నేను విన్న చివరి నవ్వు అది.

మర్నాడు హాస్పిటల్ నుంచి మిడ్‌వైఫ్ వచ్చింది. గది చల్లగా ఉండాలని, పిల్లకి ఒక పల్చటి బట్ట చాలని, తల్లి నీళ్ళు బాగా తాగితేనే పాలు పడతాయని విడమరిచి చెప్పింది. శేషుకుమారి మొదట ఒప్పుకోలేదు. ఎవరి బిడ్డకి ఎవరు చెబుతున్నారంది. కూతురూ అల్లుడూ సాయంత్రం దాకా బతిమాలారు. చివరికి మెత్తబడింది. హాల్లో ఏసీ వేసుకోండి, పడకగది తలుపు జానెడు తీసి తెర కట్టండి, జీలకర్ర వేసి కాచిన నీళ్ళు అడిగినన్ని ఇస్తాను అంది. ఇది గుర్తుపెట్టుకోండి. మీరంతా చాదస్తం అంటున్న ముసలావిడ, అరవై ఏళ్ళ నమ్మకాన్ని ఒక్క పూటలో సగానికి తగ్గించుకుంది, మనవరాలి కోసం.

రెండు రోజులు ఆ ఏసీ తిరిగింది. మూడో రోజు ఆగిపోయింది.

భాస్కర్ మీకు ఫోన్ చేశాడు. మీరు సముద్రం ఒడ్డున మీ సెలవుల ఇంట్లో ఉన్నారు. నేను అక్కడే ఉన్నాను, నీలిమకి చారు పట్టుకెళ్ళాను. ఫోన్ స్పీకర్లో ఉంది. శుక్రవారం నుంచి ఎండలు ముదురుతాయంటున్నారు అంకుల్, ఇంట్లో పసిపిల్ల ఉంది అని అతను మెల్లగా చెప్పాడు. మీరన్న మాట ఇది, ఒక్క అక్షరం కలపడం లేదు:

"హాలిడేస్ కదా భాస్కర్, ట్రేడీ ఒక్కడూ ఫోన్ ఎత్తడు. మంత్ ఎండ్‌లో చూద్దాంలే. అయినా మనం ఎండలో పుట్టినోళ్ళం కదయ్యా, మా చిన్నప్పుడు ఏసీలున్నాయా? బాలింతకి ఏసీ అసలు మంచిదే కాదు. కావాలంటే మీ అత్తగారినడుగు."

అత్తగారు పక్కనే ఉంది. విన్నది. ఆవిడ మొహంలో ఒక తేట వచ్చింది. "చూశావా అమ్మాయ్," అంది కూతురితో. "ముప్పై ఏళ్ళ నుంచి ఈ దేశంలో ఉన్న పెద్దమనిషి, ఇంజినీరు, ఆయనే అంటున్నాడు. ఆ నర్సు పిల్లకేం తెలుసు."

ఒక ట్రేడీని, ఒక మెకానిక్‌ని పిలిపించడానికి బద్ధకించి, మీరు ఆవిడ ఆచారాన్ని అడ్డం పెట్టుకున్నారు. సగం వదిలేసిన నమ్మకాన్ని తీసి మళ్ళీ ఆవిడ చేతిలో పెట్టారు. ఆ పూట నుంచి తలుపు మూసేశారు, తెర తీసేశారు. జీలకర్ర నీళ్ళు మళ్ళీ గుక్కెడయ్యాయి.

నేను భాస్కర్ని వాకిట్లోకి పిలిచి, ఫోన్లు కాదు, మెయిల్ రాయమన్నాను. ఈ రాష్ట్రంలో ఇంటితో పాటు ఇచ్చిన ఏసీ పాడైతే అది అత్యవసర మరమ్మతు కింద లెక్క. ఓనరు పట్టించుకోకపోతే మనమే చేయించుకుని ఖర్చు రాబట్టుకోవడానికి దారి ఉంది. ఇదంతా చెప్పాను. అతను నేల చూపులు చూశాడు.

"అక్కా, ఆయనకి కోపమొస్తే మండే ఆఫీసులో మా మేనేజర్‌కి తెలిసిపోద్ది. ఇద్దరూ సాటర్‌డే సాటర్‌డే క్రికెట్ ఆడతారు. పీఆర్ వచ్చేదాకా ఓర్చుకుందాం అంటోంది నీలిమ కూడా."

మా ఇంటికి వచ్చెయ్యమన్నాను. మేం సొంతంగా కొనుక్కున్న ఏసీ ఒకటి ముందుగదిలో ఉంది. శేషుకుమారి రెండు చేతులూ అడ్డంగా ఊపింది. పురిటి మైలతో ఇంకొకరి గడప తొక్కకూడదు, పదకొండో రోజు స్నానం అయ్యాక చూద్దాం అంది. మాకు మైల లేదు పిన్నిగారూ అన్నాను. మీకు లేకపోతే మాకుంటుంది అంది. భాస్కర్ ఫ్యాన్ తెచ్చాడు. అది గోడవైపు తిప్పి పెట్టించింది.

శుక్రవారం మొదలైంది ఎండ. మనకి తెలిసిన ఎండ కాదిది. రేపల్లెలో చెమట పడుతుంది, సాయంత్రానికి సముద్రపు గాలి తిరుగుతుంది, ఇంటి ముందు చెట్టుంటుంది, అరుగుంటుంది. ఇక్కడ చెమట పట్టినట్టే తెలియదు, పట్టీ పట్టకముందే గాలి తాగేస్తుంది. ఆ నల్ల రేకు మధ్యాహ్నానికల్లా టకటకమని చప్పుడు చేస్తుంది. శనివారం పెరట్లో ఆరేసిన బట్టలు తీస్తుంటే కిటికీ సందులోంచి నీలిమ పిలిచింది. తలకి గుడ్డ, చెవుల్లో దూది, పెదాలు చీలిపోయి ఉన్నాయి. అమ్మ చూడకుండా ఒక బాటిల్ ఐస్ నీళ్ళియ్యి అక్కా అంది. తెచ్చి ఇచ్చాను. శేషుకుమారి చూడనే చూసింది.

"ఏమ్మా ఉదయశ్రీ, నీకు పురుడెవరు పోశారు?"

"ఎవరూ పొయ్యలేదు పిన్నిగారూ. మూడోనాడే లేచి నేనే వండుకున్నాను."

"అందుకేనమ్మా ఈ వయసుకే నడుం పట్టుకుని నడుస్తున్నావు," అంది. బాటిల్ తీసుకెళ్ళి సింకులో వంపేసింది.

కసితో కాదు. ఆవిడా ఆ గదిలోనే ఉంది, అదే ఉడుకులో. కూతురు కాళ్ళు పిసుకుతూ, పిల్ల మీద ఈగ వాలకుండా చీరకొంగుతో తోలుతూ. తను మాత్రం అన్నం సరిగ్గా తిని ఎన్ని రోజులైందో.

ఆదివారం నలభై అయిదు దాటింది. మధ్యాహ్నం మజ్జిగ ఇవ్వడానికి వెళితే వాకిట్లోనే తీసుకుని, లోపలికి రావద్దు, తల్లీపిల్లా పడుకున్నారంది శేషుకుమారి. ఆవిడ మొహం వెలిగిపోతోంది. "బంగారు తల్లమ్మా, పొద్దున్నుంచి ఏడవలేదు. ఎంత బుద్ధిమంతురాలో."

పొద్దున్నుంచి డైపరు తడవలేదన్న సంగతి ఆవిడ చెప్పలేదు. దాంట్లో చెప్పాల్సింది ఉందని ఆవిడకి తెలియదు. ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. తల్లికి నీళ్ళు లేక పాలు ఎండిపోయాయి. పాలు లేక, ఉడుకుకి తాళలేక, ఏడ్చే ఓపిక కూడా లేక పిల్ల ఊరుకుంది. దాన్ని బుద్ధి అనుకున్నారు.

ఆ సాయంత్రం సదర్లీ వచ్చింది. మీకు తెలుసు కదా, దక్షిణం నుంచి ఒక్కసారి విరుచుకుపడే చల్లగాలి. పావుగంటలో తడి చొక్కా వేసుకున్నంత చల్లబడింది. వీధి వీధంతా బయటికొచ్చింది. తలుపులు, కిటికీలు, గరాజులు అన్నీ బార్లా తీశారు. ఎదురింటి తెల్లాయన కుర్చీ వేసుకుని గడ్డిలో కూర్చున్నాడు. మీరు గ్రూపులో సముద్రం ఫొటో పెట్టారు, ఆహా ఏం గాలి అని రాసి.

ఆ ఒక్క ఇల్లు మూసే ఉంది. నేను పెరట్లోకి వెళ్ళేసరికి భాస్కర్ పడకగది కిటికీ తీస్తున్నాడు. లోపలినుంచి ఆ గది వేడి నా మొహానికి కొట్టింది. శేషుకుమారి వచ్చి అతని చెయ్యి పక్కకి తోసింది. కిటికీ లాగేసి గొళ్ళెం పెట్టింది.

"ఒళ్ళంతా పచ్చిగా ఉంది బాబూ దానికి. ఇంత చల్లగాలి తగిలితే సన్నిపాతం వస్తుంది. పొద్దున్నే తీద్దాంలే."

భాస్కర్ నా వైపు చూశాడు. ఇంక చెప్పడానికి ఎవరూ లేనట్టు చూశాడు. తరవాత కిటికీ దగ్గర్నుంచి తప్పుకున్నాడు. బయట ప్రపంచమంతా చల్లబడుతుంటే ఇటుక గోడలు, నల్ల రేకు, పొద్దున్నుంచి తాగిన ఎండనంతా ఆ గదిలోకి కక్కాయి.

సోమవారం తెల్లారాక అంబులెన్సు వచ్చింది. వాళ్ళు చేసిన మొదటి పని కిటికీలన్నీ తియ్యడం. రెండో పని పొత్తిళ్ళు విప్పడం. నీలిమకి చేతికి సెలైను ఎక్కించారు, ఆమె చెవుల్లో దూది అలాగే ఉంది. ఆ అంబులెన్సు అమ్మాయి గోడ మీద ఏసీ చూసి, ఇది పని చెయ్యదా అని అడిగింది. భాస్కర్ ఏమన్నాడో తెలుసా మీకు? ఓనర్ చూస్తున్నారు అన్నాడు. వెరీ గుడ్ ఓనర్ అన్నాడు. బిడ్డ ఒళ్ళు ఆ అంబులెన్సు అమ్మాయి చేతుల్లో వడలిపోయి ఉంటే, అప్పుడు కూడా మిమ్మల్ని కాచాడు.

పిల్ల రెండు రోజులుంది హాస్పిటల్లో. తర్వాత లేదు.

అదే సోమవారం మీ ట్రేడీ దొరికాడు. వ్యాను వేసుకుని వచ్చాడు, ఒక చిన్న సామాను మార్చాడు, గంట కూడా పట్టలేదు. ఖాళీ ఇంట్లో ఏసీ వేసి, చల్లగాలి వస్తోందని చెయ్యి పెట్టి చూసి వెళ్ళిపోయాడు. మీరు హాస్పిటల్‌కి పళ్ళు తీసుకెళ్ళారు.

శేషుకుమారిని విమానం ఎక్కించడానికి నేనే తీసుకెళ్ళాను. కారు దగ్గరికి నీలిమ రాలేదు. తల్లి చాలాసేపు ఆ తలుపు వంక చూసి ఎక్కింది. దిగేముందు, "నా చేత్తో నేనే మూశానమ్మా," అంది. కాదు, ఏసీ ఉంటే మీరు మూసేవాళ్ళు కాదు, మీరు ఒప్పుకున్నారు కదా అని చెప్పాను. ఆవిడ వినలేదు. ఆవిడ ఇంక ఎవరి మాటా వినదు. నీలిమ పాలు ఇంకిపోవడానికి గుండెలకి గుడ్డ కట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంటోంది. తల్లి ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. భాస్కర్ ఆఫీసుకి వెళుతున్నాడు. పీఆర్ రావాలి కదా. వాళ్ళు వచ్చేనెల అదే కంపెనీ పెర్త్ ఆఫీసుకి మారి, అక్కడి పియారా వాటర్స్‌కి వెళ్ళిపోతారట. అక్కడా ఎండలే. అక్కడా మనం మనం అనేవాడు ఒకడు ఉంటాడు.

నిన్న గ్రూపులో మళ్ళీ ప్రకటన చూశాను. గ్రానీ ఫ్లాట్, పక్కా వాస్తు, ఏసీ, తెలుగు ఫ్యామిలీకి మాత్రమే. కింద అప్పుడే ముగ్గురు ఇంట్రెస్టెడ్ అని పెట్టారు. అందులో ఒకామెకి ఏడో నెల.

మీరు మారతారన్న ఆశ నాకు లేదు. వీళ్ళు నోరు విప్పుతారన్న ఆశా పెద్దగా లేదు. ఇది చదివాక మాకు ఖాళీ చెయ్యమని కబురొస్తుంది, రానివ్వండి. కానీ అడగాల్సింది అడుగుతాను. ఆ ప్రకటన ఇప్పుడే తీసెయ్యండి. ఆ నల్ల రేకు మీద నీడ పడేదాకా, ఆ గోడకి చూరు దిగేదాకా అందులో ఎవరినీ దించకండి. వచ్చే భజనలో, అదే హాల్లో, అందరి ముందూ నిలబడి, ఆ ముసలావిడ ఏసీకి ఒప్పుకుంది, వద్దన్నది నేను అని మీ నోటితో చెప్పండి. ఆ ఏడో నెల అమ్మాయీ, నువ్వూ విను. ఆయనకి ఫోన్ చెయ్యకు, మెయిల్ రాయి, ఈరోజే రాయి, కాపీ దాచుకో. బిడ్డ పుట్టాక గది కాగిందంటే మైల చూడకు, మంచిరోజు చూడకు, ఎవరి మొహం ఎర్రబడుతుందో చూడకు. పిల్లని ఎత్తుకుని చల్లగా ఉన్న చోటికి నడువు. మిగతావాళ్ళు, ఆ హాల్లో పులిహోర తిన్న ప్రతివాళ్ళూ, ఈ ఆదివారంలోగా ఆ పెరటింటి ముందుకి రండి. వచ్చి ఆ గోడ మీద చెయ్యి పెట్టండి. కాలేదాకా తియ్యకండి.