మేత వేళ తప్పలేదు

ఆస్మా మా ఇంటికి కోడలిగా వచ్చిన ఏడాదే రాయచోటి పక్కన మా చేలో పట్టుపురుగుల షెడ్డు వేశాము. మొదటి పంటకు ఆ పిల్ల పురుగులతో మాట్లాడేది. "తినండమ్మా, మీకేం తక్కువ చేసినా" అంటూ మల్బరీ కొమ్మలు పరిచేది. నేను వాకిట్లో మంచం మీద కూర్చుని నవ్వుకునేదాన్ని. నా మోకాళ్లు అప్పటికే పోయాయి. పురుగులు మేపే చెయ్యి ఇంట్లో ఆ పిల్లదొక్కటే.

రెండో పంటకు వాన తడి ఆరని ఆకు వేసి పోగొట్టుకున్నాము. మూడో పంటకు పక్క చేలో ఏసేపు టమాటాకు మందు కొట్టాడు, గాలి మా మల్బరీ మీదికి తిరిగింది. రెండుసార్లూ మెత్తబడి చచ్చిన పురుగులను గంపలకెత్తి గుంతలో పోసింది ఆస్మానే. ఆ వాసనకు మూడు రోజులు అన్నం ముట్టలేదు.

నాలుగో పంటకు నా కొడుకు అన్సార్ ముందే చెప్పేశాడు.

"ఇది గూడా పోతే మల్బరీ పెరికేసి కువైట్‌కు పోతానమ్మా."

వాడి నాయన అట్లా పోయినవాడే, పెట్టెలో తిరిగొచ్చాడు.

పట్టుపురుగు నాలుగుసార్లు మేత మాని పొర విడుస్తుంది. దాన్ని మేము జ్వరం అంటాము. నాలుగో జ్వరం దాటాక ఏడు రోజులు తిండే తిండి. పొద్దున ఆరుకు, పదకొండుకు, సాయంత్రం నాలుగుకు, రాత్రి తొమ్మిదికి మేత పడాలి. ఒక్క పూట తప్పినా గూడు పలచబడుతుంది. ఇంకొక కట్టుబాటు మా ఇంట్లో ఉంది. ఆస్పత్రికో చావింటికో పోయొచ్చినవాళ్లు గూళ్లు దించేదాకా షెడ్డు గడప తొక్కకూడదు.

నాలుగో జ్వరం దాటిన మూడో రోజు ఆస్మా పదకొండు మేత వేయకుండా వచ్చి నా మంచం పట్టె మీద కూర్చుంది.

"అత్తా, చేతులు లేస్తాలేవు. మనసు పోతాలేదు. ఎట్లా చచ్చేవాటికి ఎందుకు మేపేది?"

"మనసుతో ఏం పని? పురుగు నీ మొగం చూసి తింటాందా, ఆకు చూసి తింటాందా? టైమైతే లేయి, కొమ్మ పరుచు, వచ్చేయి. ఏడ్చేదుంటే పరిచేటప్పుడే ఏడ్చుకో, రెండు పనులూ అయిపోతాయి."

ఆ పిల్ల కొంచెం నవ్వింది. లేచి పోయింది. ఫోను షెడ్డులోకి తీసుకుపోదు, నా పక్కనే పెట్టిపోతుంది. అది మోగింది. ఆస్మా తమ్ముడు రబ్బానీ, కర్నూలు నుంచి.

"పెద్దమ్మా, నాయనకు గుండెనొప్పి. ఆస్పత్రిలో వేసినాం. అక్కను చూడాలంటాండాడు. ఇప్పుడే పంపీ."

ఆస్మా తండ్రి మాబాషా మంచి మనిషి. మా ఇంటికి వచ్చినప్పుడల్లా నాకు ఆకువక్క తెచ్చేవాడు. అయినా నా కళ్ల ముందు పడింది నాలుగు రోజుల మేత. పోతే తిరిగి షెడ్డులోకి రాకూడదు.

"పంపిస్తాలేప్పా" అని పెట్టేశాను.

అన్సార్ మల్బరీ మోపు దించుతుంటే వాడికి చెప్పాను. వాడి మొహం పాలిపోయింది.

"చెప్పేద్దామమ్మా, పాపం."

"చెప్తే ఎవరు మేపేది? నువ్వా? కువైట్‌లో మేపుతావా?"

వాడు కొడవలి తీసుకుని చేలోకి పోయాడు. పోయేముందు ఆ ఫోను వాడి జేబులో వేశాను.

సాయంత్రం ఆస్మా ఫోను అడిగింది.

"పాడైపోయిందే. అన్సార్ రాయచోటిలో బాగుకు ఇచ్చినాడు."

మరునాడు రబ్బానీ నా ఫోనుకే చేశాడు.

"పెద్దమ్మా, అక్క యాడుండాది? నాయన తలుపు దిక్కే చూస్తాండాడు."

"బస్సెక్కింది నాయనా. వచ్చేస్తాది."

ఆ మాట అన్నాక నాకు అన్నం సయించలేదు. సయించలేదు గానీ, ఆస్మా పదకొండుకు రెండు నిమిషాలు ఆలస్యం చేస్తే మంచం మీదనుంచే కేకేశాను.

ఏడో రోజుకు పురుగులు పసుపు తేలి, ఎత్తిన తలలు దించకుండా, గూడు కట్టే వెదురు చంద్రికల మీదికి ఎక్కాయి. ఒక్కటి చావలేదు. ఆస్మా ఆకు పసరు చేతులతోనే నా మెడ పట్టుకుంది.

"నువ్వు చెప్పిందే నిజమత్తా. మనసు లేకపోయినా చెయ్యి ఆడితే చాలు. మా నాయనకు చెప్పల్ల. ముందు ఆయనకే చెప్పల్ల."

అన్సార్ జేబులోంచి ఫోను తీసిచ్చి గోడవైపు తిరిగాడు. ఆస్మా నవ్వుతూనే చేసింది. అవతల రబ్బానీ ఏమన్నాడో నాకు వినబడలేదు. వాళ్ల నాయనకు మట్టిచ్చి రెండు రోజులైందని తర్వాత తెలిసింది. ఆస్మా ఫోను నా మంచం మీద, రోజూ పెట్టే చోటే పెట్టి, కర్నూలు బస్సుకు పోయింది.

నలభై రోజులకు తిరిగొచ్చింది. వచ్చిన రోజే షెడ్డు కడిగి సున్నం చల్లింది.

మూడేళ్లు గడిచాయి. ఒక్క పంట పోలేదు, ఒక్క పూట తప్పలేదు. అన్సార్ కువైట్ మాటే ఎత్తలేదు. పురుగులతో మాత్రం ఆ పిల్ల మళ్లీ మాట్లాడలేదు. పోయిన ఏడు నాకు ఎడమ పక్క పడిపోయింది. అన్నం ఆస్మానే పెడుతుంది. పొద్దున ఆరు, పదకొండు, నాలుగు, రాత్రి తొమ్మిది. గిన్నె పెడుతుంది, తినిపిస్తుంది, మూతి తుడుస్తుంది, పోతుంది. నా మొహం చూడదు.

మొన్న పదకొండుకు వచ్చినప్పుడు తనే చెప్పింది.

"కడప నుంచి షాహీన్ చేసింది. మీ అక్కకు ఊపిరి అందడంలేదంట. నిన్ను చూడాలంటాందంట."

షాహీన్ మా అక్క చాంద్ బేగం కూతురు. నాకు మిగిలిన తోబుట్టువు మా అక్క ఒక్కతే.

"ఆటో మాట్లాడు ఆస్మా. నన్ను తీసకపో."

"పురుగులు నాలుగో జ్వరం దాటినాయత్తా. నాలుగు రోజులే కదా."

వాకిట్లో అన్సార్ విన్నాడు. నన్ను చూశాడు, ఆస్మాను చూశాడు. కొడవలి తీసుకుని చేలోకి పోయాడు.

నాలుగు గంటలకు ఆస్మా గిన్నె తెచ్చింది. అప్పుడు చూసుకున్నాను, తలగడ పక్కన నా ఫోను లేదు.

"నా ఫోను యాడ?"

ముద్ద కలిపి నా నోటి దగ్గర పెట్టింది.

"పాడైపోయింది. అన్సార్ రాయచోటిలో బాగుకు ఇచ్చినాడు."

నేను నోరు తెరిచాను.