ఒకటి నొక్కండి

తుఫాను వస్తోందని ఎవరి గొంతుతో చెబితే జాలర్లు వింటారు? నా పీహెచ్‌డీ అంతా ఈ ఒక్క ప్రశ్న మీదే. కంపెనీలకు కంప్యూటర్ సలహాలు చెప్పుకుని బతికేదానికి ఈ వయసులో చదువేమిటని ఇంట్లో నవ్వారు. నవ్వనీ.

జాలర్ల ఫోన్లకు వెళ్లే రికార్డు హెచ్చరికలో మొదట హైదరాబాదు అమ్మాయి గొంతు పెట్టాం. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. జువ్వలదిన్నెలో అందరూ లోను ఇస్తామనే ఫోననుకుని కట్ చేశారు. అప్పుడు ఆ ఊరి జాలరి చిన్నబాబు చేతే చెప్పించి రికార్డు చేశాను.

"అన్నా, నేను చిన్నబాబుని. గాలి లేస్తా ఉండాది. ఈపొద్దు ఏటకి పోబాకండి. ఇంటికాడే ఉండండి. విన్నోళ్లు ఒకటి నొక్కండి."

ఒకటి నొక్కేదాకా ఫోను మళ్లీ మళ్లీ మోగుతుంది. ఆ ఏర్పాటు నాదే. ఆ గొంతు విన్నాక ఒక్క పడవా కదల్లేదు.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. పోయిన కార్తీకంలో తన ఫోను మోగితే చిన్నబాబు, "నా గొంతు నాకే చెప్పేదేంది" అని నవ్వి, ఒకటి నొక్కేసి, సముద్రంలో వదిలిన వల తెచ్చుకోవడానికి వెళ్లాడట. పడవ దొరికింది. మనిషి దొరకలేదు.

గొంతు మార్చేద్దామని ఊరికి వెళ్లాను. పోయినవాడు ఇంటింటా మాట్లాడుతుంటే పెళ్లాం మహాలక్ష్మి ఎలా భరిస్తుంది? ఊరి పెద్ద కామాక్షయ్య మాత్రం అడ్డం తిరిగాడు.

"మార్చబాకమ్మా. పోయినోడు చెప్తే ఇప్పుడింకా బయపడి వింటా ఉండారు."

"మహాలక్ష్మి సంగతేమిటి?" అన్నాను కోపంగా.

"పోయి ఆ బిడ్డనే అడుగు."

మహాలక్ష్మి గడప ముందు రొయ్యలు ఒలుస్తోంది. నేను చెప్పింది విని తలెత్తింది.

"మార్చేదొద్దు మేడం. నా ఫోనుకి గూడా వచ్చేటట్టు పెట్టండి."

వేటకు వెళ్లేవాళ్ల నంబర్లే అందులో ఉన్నాయి. "ఆ మాటలు నీ ఫోన్లో వేసిస్తాను అక్కా. ఎప్పుడు కావాలంటే అప్పుడు వినొచ్చు" అన్నాను.

"అట్టొద్దు. గాలొచ్చిన పొద్దు అందరి మొగుళ్లూ ఇంటికాడే ఉంటారు. ఆ పొద్దు ఆయన గూడా రానీ."

ఆమె నంబరు చేర్చాను.

మళ్లీ వాయుగుండం అన్న రోజు, ఎలా పనిచేస్తుందో చూడాలన్న నెపంతో ఆమె ఇంటికే వెళ్లాను. మధ్యాహ్నానికే ఆకాశం నల్లబడింది. వీధిలో ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. ఇంటింటా చిన్నబాబు మాట్లాడాడు. మహాలక్ష్మి ఫోనును ఒళ్లో పెట్టుకుని స్పీకరు నొక్కింది.

"...ఈపొద్దు ఏటకి పోబాకండి. ఇంటికాడే ఉండండి."

"నువ్వు పోబాక" అంది ఫోనుతో.

"విన్నోళ్లు ఒకటి నొక్కండి."

ఆమె నొక్కలేదు. ఒక్కో ఇంట్లో ఒక్కో ఫోనూ ఆగిపోయింది. కాసేపటికి ఆమెది మళ్లీ మోగింది. ఆ తర్వాత ఇంకోసారి.

"నొక్కక్కా, లేకపోతే ఆగదు" అన్నాను.

"తెలుసు మేడం" అంది.