ఇద్దరు దొరల మనిషి

మా ఆయన ఆన్సో ఇద్దరు దొరలకి మనిషి. బర్గండిలో మా ఏటి ఒడ్డున నీటితో తిరిగే పిండిమర కౌంటు దొర ఇచ్చింది. గుట్ట మీది బురుజు బిషప్పు గారిచ్చింది. ఇద్దరి ముందూ మోకరిల్లి, జోడించిన చేతులు వాళ్ల అరచేతుల్లో పెట్టి "నేను మీ మనిషిని" అన్నాడు. అప్పట్లో వాళ్లిద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తినేవాళ్లు.

కోతల ముందు, ఏటి మీది వంతెన ఎవరిదని ఇద్దరికీ చెడింది. పొద్దున్నే కౌంటు మనిషి వచ్చి యుద్ధానికి రమ్మన్నాడు. అన్నం వేళకి అదే మాటతో బిషప్పు మనిషీ దిగాడు.

"ఏవండీ, రాజుగారికి చెప్పుకోకూడదూ?" అన్నాను.

"ఏ రాజే పిచ్చిదానా? ఆయన మాట ఈ ఏరు దాటి ఎన్నేళ్లయింది? కౌంటు సైన్యం పంపకపోతే ఆయనకే దిక్కు లేదు."

"మరి ఎవరి వైపు వెళ్తారు?"

బూట్లు విప్పకుండానే మంచం మీద వాలిపోయాడు. "మర ఉంటే రొట్టె ఉంటుంది. బురుజుని కొరికితే పళ్లూడతాయి."

మర్నాడు బిషప్పు కొలువులో ఒక గడ్డిపరక బిషప్పు కాళ్ల ముందు పడేశాడు. ఇక నీ మనిషిని కాను, నీ నేల నాకొద్దు అని.

"పోతే పో" అన్నాడు బిషప్పు. "రెండు గిన్నెల్లో మూతి పెట్టే కుక్కకి ఒకటి ఒలకాల్సిందే."

బురుజు ఖాళీ చేసి, దుప్పట్లూ పెట్టెలూ బండికెత్తి మర పక్క గదిలోకి దిగాం. ఆయన యుద్ధానికి వెళ్లి, ఆకులు రాలే కాలంలో తిరిగొచ్చాడు. ఎడమ చెయ్యి భుజం పైకి లేవడం లేదు.

ఆ వెనకే సంధి కబురు. దొరలిద్దరూ నలుగురి ముందూ ముద్దులు పెట్టుకున్నారట. వంతెన కౌంటుకి. బదులుగా ఏటి ఒడ్డు నేల, మా మరతో సహా, బిషప్పుకి.

మా ఆయన కౌంటు దగ్గరికి పోయి, "మీ కోసమే కదా దొరా నా చెయ్యి పోయింది" అన్నాడు.

"నువ్వు నావాడివి కాబట్టేగా మరతో పాటు నిన్నూ ఇవ్వగలిగాను" అన్నాడు కౌంటు, నిజంగానే ఆశ్చర్యపోతూ.

మళ్లీ బిషప్పు కొలువు. మోకాళ్లు వంగలేదు, నేను భుజం పట్టి దించాను. లేవని చేతిని బిషప్పే వంగి అందుకున్నాడు.

"గట్టిగా అనవయ్యా, వెనకవాళ్లకి వినబడాలి."

"మీ మనిషిని" అన్నాడు మా ఆయన.

మర తిరుగుతూనే ఉంది. ఆయన మాత్రం ఎవరి పక్షానా మాట్లాడడం మానేశాడు. దారిలో గుర్రం మీద ఎవరొచ్చినా, చేతిలో జెండా ఎవరిదో చూడకుండానే లేచి నిలబడతాడు.