తలుపు అద్దానికి తెర

నాకు అక్షరాలు వచ్చింది యాభై తొమ్మిదో ఏట. మా ఆయన పోయిన మరుసటి సంవత్సరం మా చర్చి పాస్టరుగారి భార్య, మేమంతా అమ్మగారు అని పిలిచే ఆవిడ, నాకు పలక ఇచ్చి దిద్దించింది. ఒత్తుల దగ్గర ఇప్పటికీ తడబడతాను. ఈ కాస్త రాయడానికే నెల పట్టింది. తప్పులుంటే మన్నించండి. విషయం మాత్రం చివరిదాకా చదవండి.

అప్పట్లో నేను చర్చి ఆవరణలోనే, వెనకవైపు గదిలో ఉండేదాన్ని. బల్ల మీద పరిచే గుడ్డలు, పాటలు పాడే పిల్లల తెల్ల అంగీలు కుట్టి, ఉతికి, మడతలు పెట్టేదాన్ని. అందరికీ నేను కుట్టుమిషనమ్మను.

ఒక ఏడాది సంఘం ఒక నిబంధన పెట్టుకుంది. మేడ మీది పిల్లల గది తలుపుకు, బయటినుంచి లోపల కనబడేలా అద్దం ఉండాలి, లోపల ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి. వడ్రంగి వచ్చి తలుపు కోసి అద్దం బిగించాడు. మంచి పని జరిగిందని అందరం సంతోషించాం. పాటల మాస్టారికి తోడు రెండో టీచరుగా పెట్టిన పెద్దావిడకు మోకాళ్ళ నొప్పులు. నెల తిరక్కుండానే మేడ ఎక్కడం మానేసింది. ఆమె బదులు ఇంకొకరిని ఎవరూ పెట్టలేదు.

తరవాత పాటల మాస్టారు నా గదికి వచ్చాడు.

"పిన్నిగారూ, వరండాలో ఎవరు నడిచినా పిల్లల చూపంతా అటే పోతోందండీ. ఒక్క పాట నోటికి రావడం లేదు. ఆ అద్దానికి చిన్న తెర కుట్టిపెట్టరూ?"

అంగీలకు తెచ్చిన గుడ్డలో మిగిలిన ముక్క ఉంది. కుచ్చులు పెట్టి, నాడా దూర్చి, నా చేత్తోనే కట్టి వచ్చాను. "మీ చెయ్యి పడితే గుడ్డముక్కకు కూడా కళ వస్తుంది" అన్నాడు. నేను మురిసిపోయాను. ఆ వరండాలో ఎంతోమంది తిరిగారు. అద్దానికి తెర ఎందుకని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు.

మా వెనక వీధిలో బ్రెడ్డు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకామె ఉంది. నన్ను పిన్నీ అంటుంది. ఆమె కూతురికి తొమ్మిదేళ్ళు. చిన్నప్పటినుంచీ నా మిషను కింద పడ్డ గుండీలు ఏరుకునేది కాబట్టి దాన్ని గుండీ అనేవాళ్ళం. ఒక గురువారం సాయంత్రం కొత్త అంగీకి కొలతలు ఇవ్వడానికి వచ్చింది. టేపు చుట్టబోతే కర్రలా బిగుసుకుపోయింది.

"టేపు వద్దు అమ్మమ్మా. పాత అంగీ కొలతే పెట్టు."

"పాతదానిలో నువ్వు పట్టవే, ఏనుగుపిల్లా!"

అది నవ్వలేదు. "గుండీలు వెనక పెట్టు. మెడ దాకా పెట్టు. మాస్టారికి ఊడిరాకుండా కుట్టు" అంది.

నా చేతిలో టేపు అలాగే ఉండిపోయింది. నేను అడగకుండానే రెండు మాటలు చెప్పింది. అవి ఇక్కడ రాయను. భయంతో నా నోటికి వచ్చింది ఒకటే మాట.

"ఎవరికీ చెప్పకమ్మా."

"మాస్టారు కూడా అదే అన్నారు" అంది గుండీ.

ఆ రాత్రి వాళ్ళమ్మకు చెప్పాను. ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా పోలీసుల దగ్గరికి బయలుదేరింది. నేనే చెయ్యి పట్టుకుని ఆపాను. "తొందరపడకే. అయ్యగారు ఉన్నారు, ఆయన చూసుకుంటారు" అన్నాను. పాస్టరుగారు అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇది మన ఇంటి విషయమమ్మా. బయటపడితే దేవుడి పేరుకే మచ్చ. ఆదివారం దాకా ఉపవాసం ఉండి ప్రార్థన చేద్దాం" అన్నారు. నేను నమ్మి ఉపవాసం ఉన్నాను. మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక లోపలి గదిలో కూర్చున్నాం. సంఘ పెద్దలు, పాస్టరుగారు, అమ్మగారు ఒకవైపు. గుండీ, వాళ్ళమ్మ, నేను ఒకవైపు. మాస్టారు లేడు.

"అతన్ని పంపేశాం. దూరంగా ఇంకో సంఘంలో సేవ చేస్తాడు. ఇక్కడి పిల్లలకు ఏ భయమూ లేదు" అన్నారు పాస్టరుగారు. తరవాత గుండీ వైపు వంగారు. "తల్లీ, 'క్షమించాను' అని ఒక్క మాట అను. అందరం ప్రార్థన చేసుకుని ఇక్కడితో మరిచిపోదాం."

గుండీ ఆయన్నే చూసింది. "క్షమిస్తే మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళాలా అండీ?"

నేను లేచాను. "అక్కడ పిల్లలు లేరా అయ్యగారూ, అతన్ని పంపినచోట?"

సంఘ పెద్దల్లో ఒకాయన నవ్వాడు. "కుట్టుమిషనమ్మా, ఆ మిషను మీదే నీ నోటికి కూడా ఓ కుట్టు వేసుకో. నువ్వున్న గది ఎవరిదో మరిచిపోయినట్టున్నావ్."

"మరిచిపోలేదు బాబూ. సాయంత్రానికి ఖాళీ చేస్తాను" అన్నాను. గుండీ చెయ్యి వాళ్ళమ్మ ఒకటి పట్టుకుంది, నేనొకటి పట్టుకున్నాను. గేటు దగ్గరికి వచ్చేసరికి అమ్మగారు వెనకాలే పరుగెత్తుకొచ్చింది. ముఖమంతా తడి. అతను వెళ్ళిన ఊరి పేరు చెప్పి వెనక్కి వెళ్ళిపోయింది.

స్టేషన్లో ఉన్న మహిళా ఇన్‌స్పెక్టరు పిల్లను నలుగురిలో ఏమీ అడగలేదు. వేరే గదిలో, తల్లి పక్కన కూర్చోబెట్టుకుని విన్నది. నన్ను చూసి, "మీరు చెప్పండి, మా కానిస్టేబులు రాస్తుంది" అంది. నేనే రాస్తానన్నాను. రెండు గంటలు పట్టింది. "పెద్దమ్మా, మీరు ముగించేలోపు నాకు రిటైర్మెంట్ వచ్చేట్టుంది" అంది కానీ తొందరపెట్టలేదు.

"తెర కుట్టింది నేనే. అది కూడా రాయాలా?" అని అడిగాను.

"రాయాలి."

"గురువారం తెలిసి ఆదివారం దాకా ఆగిన సంగతి?"

ఆవిడ ఇంకో కాగితం నా ముందుకు జరిపింది. "అదీ రాయండి" అంది.

రాశాను.

సోమవారం ఉదయం ఆ ఊళ్ళో అతన్ని పట్టుకున్నారు. అప్పటికే శనివారం అక్కడి పిల్లలకు పాటలు నేర్పాడట. తరగతి అయ్యాక ఒక పాపను ఆగమన్నాడట. ఇన్‌స్పెక్టరు ఈ సంగతి ఫోనులో చెప్పకుండా, నా దగ్గరికి వచ్చి కూర్చుని చెప్పింది. గురువారమే నేను ఆ తల్లి చెయ్యి వదిలేసి ఉంటే, శనివారం అతను లాకప్పులో ఉండేవాడు. ఆ పాప పేరు నాకు చెప్పలేదు. చెప్పకూడదట. గుండీతో పాటు ఆ పాప కోసం కూడా రోజూ ప్రార్థన చేస్తాను, కానీ దేని కోసమూ ఆదివారం దాకా ఆగను.

కేసు నడుస్తోంది. సంఘంలో సగంమంది నాతో మాట్లాడరు. గుండీ పాడడం లేదు. పాడమని మేమూ అడగడం లేదు.

ఇట్లు,
కుట్టుమిషనమ్మ,
వయసు అరవై ఆరు,
ఇప్పుడు ఉండేది గుండీ వాళ్ళింటి పక్క వాటాలో, మెట్ల కింద గది.