డిప్ప తేలిగ్గా ఉండాలి

పొద్దున్నే షెడ్డు తలుపు తీయగానే వదిన నన్ను పక్కకు నెట్టి తొట్టి దగ్గరికి పరుగెత్తింది. మోకాళ్ళ నొప్పులతో రోజూ గోడ పట్టుకుని నడిచే మనిషి!

"విడిచిందే! డిప్ప విడిచిందే అమ్మాయ్! వీపు దగ్గర ఎలా విచ్చుకుందో చూడు!"

వంగి చూశాను. గాజుతొట్టి అడుగున, ఇసుక మీద, ఆడపీత డిప్ప వెనకవైపు మూత తెరిచిన డబ్బాలా లేచి ఉంది. మగపీత ఎప్పటిలాగే దాని మీద కూర్చుని, కాళ్ళతో పొదివి పట్టుకుని ఉంది.

వీటిని మేం గాజుల పీతలంటాం. కాళ్ళకు గాజులు తొడిగినట్టు తెల్లటి చారలుంటాయి. ఉప్పునీరూ మంచినీరూ కలిసే మా సరస్సులో ఒకప్పుడు ఎన్ని రకాలని! బురదలో దాక్కునే పెద్ద పీతలు, లోపలి పేగు కూడా కనబడే రొయ్యలు, ఒక చెయ్యి పెద్దదీ ఒక చెయ్యి చిన్నదీ ఉండి ఎవరినో రమ్మన్నట్టు ఊపే బుల్లిపీతలు. సముద్రంలో కలిసే మొగ ఇసుకతో పూడింది. నీళ్ళలో ఉప్పు చచ్చింది. ఒక్కో రకమే చెప్పకుండా వెళ్ళిపోయింది. అయినా చెప్పి వెళ్ళేవాళ్ళు ఎవరున్నారు గనక!

ఈ జంట మా అన్నయ్య వలలో పడింది. పక్క పడవ వాళ్ళు "కూరకు బాగుంటాయి" అంటే, "ఇవి మళ్ళీ కనబడవురా" అని తడిగోనెలో చుట్టి, నేనూ వదినా తొట్లు కడిగే ఈ పరిశోధన కేంద్రానికి తనే తెచ్చి ఇచ్చాడు. అదే ఆఖరి వేట. ఆ వారమే నిద్రలో పోయాడు. అప్పటినుంచి ఆ తొట్టి మీద వదిన ఇంకొకరి చెయ్యి పడనివ్వలేదు.

డిప్ప విడిచి ఒళ్ళు మెత్తగా ఉన్నప్పుడే ఆడది మగదానితో కలుస్తుందనీ, అందాకా మగది దాన్ని కిందపెట్టుకుని కాపలా కాస్తుందనీ కేంద్రంలోని డాక్టరమ్మ చెప్పింది. పీతల డాక్టరు ఆవిడ. మొగ తవ్వించాక పిల్లల్ని మళ్ళీ సరస్సులో వదలాలని ఆవిడ ఆశ. సరస్సంతా గాలించినా ఇంకో ఆడది దొరకలేదు. "ఇది విడిస్తేనే పిల్లలు. లేకపోతే ఈ రకం ఇంతటితో సరి" అంది.

వదిన మాత్రం తొట్టి కడిగినప్పుడల్లా, "ఇన్నేళ్ళ కాపురంలో మీ అన్న ఒక్కపూట నన్నలా పట్టుకున్న పాపాన పోలేదు" అనేది.

"పట్టుకుంటే ఊరుకునేదానివా? కరిచేదానివి."

"ఆడపడుచు అనిపించుకున్నావులే!"

ఇప్పుడు ఆ వదినే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. అన్నయ్య పోయాక ఆమె నవ్వు మళ్ళీ ఇవాళే చూశాను.

"మెత్తటిది ఇసుకలో దాక్కుని ఉంటుంది. కదిలించకు. నేను డాక్టరమ్మకు ఫోన్ చేస్తా."

నాదో పాడు అలవాటు. గడియ వేశాక మళ్ళీ వెళ్ళి లాగి చూస్తాను. పడుకున్నవాళ్ళ ముక్కు కింద వేలు పెట్టి చూస్తాను. దీనికి వదిన చేత ఎన్ని తిట్లు తిన్నానో. ఇసుకలో మెత్తటి పీత జాడ ఎక్కడా లేదు. చెయ్యి కడుక్కుని నీళ్ళలో ముంచి, మగదాని కాళ్ళ సందులోంచి డిప్పను కొంచెం లేపాను.

విడిచిన డిప్పలు ఎన్ని ఎత్తలేదు నేను! ఎండుటాకు ఎత్తినట్టుంటుంది. ఇది బరువుగా ఉంది. వెనక సందులోంచి కొత్త ఒళ్ళు సగం బయటికొచ్చి ఆగిపోయింది. కొత్త కాళ్ళు పాత కాళ్ళలోనే ఇరుక్కుపోయాయి.

"ఏమే, తేలిగ్గా ఉందా?" అంది వదిన, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని.

వదిన నా ముఖం చూసి ఫోన్ దించేసింది. అందులోంచి డాక్టరమ్మ "హలో, హలో" అంటూనే ఉంది.

డాక్టరమ్మ వచ్చి తడినేల మీదే మోకాళ్ళు ఆనించి చూసింది. "ఒక్కోసారి బయటికి రాలేక చచ్చిపోతాయమ్మా. సత్తువ చాలదు. నీళ్ళు బాగానే ఉన్నాయి, మీ లోపం ఏమీ లేదు." దాన్ని సీసాలో దాచాలని పట్టకారుతో మెల్లగా లాగబోయింది. మగది డెక్కలెత్తింది. ఇంకా గట్టిగా పట్టుకుంది.

"ఉండనీ తల్లీ," అంది వదిన. "వాడికింకా తెలీదు. వాడంతట వాడు వదిలేదాకా ఉండనీ."

డాక్టరమ్మ సీసా మూత బిగించి, గోడవైపు తిరిగి నిలబడింది.

మధ్యాహ్నం వదిన రోజూలాగే తొట్టిలో ఉప్పునీళ్ళు మార్చింది. అద్దం తుడిచింది.

"ఇంకెవరి కోసం వదినా?"

"వాడున్నాడుగా."

పని ముగించి బల్ల మీద నడుం వాల్చింది. "ఆ వేలుంది చూడు నీకు! ఎత్తకుండా ఉంటే, డాక్టరమ్మ వచ్చేదాకానైనా సంతోషంగా ఉండేవాళ్ళం కదే."

నిజమే. అన్నయ్య పోయిన రోజు పొద్దునా అంతే. వదిన పొయ్యి దగ్గర ఏదో చెప్పి నవ్వుతూ, "మీ అన్నను లేపు" అంది. వెళ్ళి ముక్కు కింద వేలు పెట్టింది నేనే.

వదిన కళ్ళు మూసుకుంది. తొట్లలో గాలి బుడగల చప్పుడు. మగది ఇంకా వదల్లేదు. కాసేపటికి వదిన కదలకపోయేసరికి ఉండబట్టలేక దగ్గరికి వెళ్ళి వంగాను. నా చెయ్యి చేరేలోపే, కళ్ళు తెరవకుండా అంది:

"పెట్టు, పెట్టి చూసుకో. ఊపిరి ఉందిలే."

పెట్టాను. వెచ్చగా తగిలింది. చాలాసేపు వేలు తియ్యలేకపోయాను. ఆమె తిట్టలేదు.