కిందికి వంగు

లక్సెట్టిపేట దాటాక గోదావరి వైపున ఉన్న సంతోష్‌రావు రిసార్టులో ఈతకొలను చూసుకునేది కొండల్. ముప్పై రెండేళ్లు బెల్లంపల్లి బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయిన మనిషి. నేల కింద అంతలోతున బతికి వచ్చినవాణ్ణి నడుంలోతు నీళ్లు ఏం చేస్తాయిలే అని నవ్వేవాడు. ఆ ధీమాయే అతని కొంప ముంచింది.

భార్య కనకవ్వ అక్కడే గదులు ఊడ్చేది, కొలను పనిలో చేయందించేది. ఆమెది సిరిసిల్ల. తండ్రి నూలుకు రంగులు వేసేవాడు. పౌడర్ల ఘాటు ఆమెకు చిన్ననాటి నుంచీ అలవాటే. అయినా కొండల్ ఆ తెలివిని ఒక తెలివిగా ఏనాడూ లెక్కలోకి తీసుకోలేదు.

రెండు రోజులు ముసురు పట్టి కొలను పచ్చబడింది. మర్నాడు పొద్దున్నే అక్కడ ఒక పెళ్లివారి హల్దీ ఉంది. ముందురోజు మధ్యాహ్నం సంతోష్‌రావు వచ్చి గట్టు మీద నిలబడి ముక్కు మూసుకున్నాడు.

"ఏంది కొండలూ ఇది? బర్లు పొర్లే మడుగు లెక్కున్నది. షాక్ కొట్టలేదా?"

కొలను పనిలో షాక్ అంటే కరెంటు షాక్ కాదు. నాచు, మురికి ఒక్క దెబ్బకు చచ్చేలా పౌడరు ఎక్కువ మోతాదులో వేయడం. అందుకు రిసార్టులో రెండు రకాల డబ్బాలున్నాయి. నీలం మూతది కొలనుకు, ఎర్ర మూతది వేడినీళ్ల తొట్టికి. రెండు పౌడర్లూ తెల్లగానే ఉంటాయి, రెండూ ముక్కు అదిరే వాసనే. ఏది ఎలా వాడాలో డబ్బాల మీద రాసే ఉంది, ఇంగ్లీషులో, చీమతలకాయంత అక్షరాల్లో.

"నీలం మూతది అడుక్కొచ్చింది సార్. సగం మోతాదు గూడ ఎల్లది."

"ఇంకో డబ్బా ఉన్నది గదా. ఏదో ఒకటి చూసి చెయ్యి. పొద్దుగాల నీళ్లు అద్దం లెక్క ఉండాలె," అని సంతోష్‌రావు కారెక్కి పోయాడు.

ఉన్న పౌడరు ఒక్కటే వేస్తే నీళ్లు సగమే తేరుకుంటాయి. మంచిర్యాల పోయి కొత్త డబ్బా తెస్తే పూర్తిగా తేరుకుంటాయి గానీ, పోను రాను సాయంత్రం అవుతుంది. మూడో దారి చేతికి అందేంత దగ్గరలో ఉంది.

"రెండూ కలుపుదాం. సంపేది నాచునే గదా," అన్నాడు కొండల్.

పంపుల గదిని నేలలోకి దింపి కట్టారు. ఎనిమిది మెట్లు దిగాలి. వచ్చినవాళ్ల కంట పడొద్దని డబ్బాలు, బకెట్లు అన్నీ ఆ గుంటలోనే పెట్టించాడు సంతోష్‌రావు. కొండల్ తడి బకెట్లో నీలం మూత పౌడరు పోస్తుంటే కనకవ్వ అతని చెయ్యి పట్టుకుంది.

"ఇగో, జర ఆగు. మా బాపు రెండు పౌడర్లు ఒక్క తొట్ల ఎన్నడు వెయ్యలే. ఏది దేంతోని పడదో మనకేం ఎర్క?"

"మీ బాపుది నూలు. ఇది నీళ్లు. బకెట్ పట్టు."

ఆమె పట్టుకుంది. అతను ఎర్ర మూత డబ్బా వంచాడు.

బకెట్ బుస్సుమంది. గుడగుడలాడుతూ పచ్చని పొగ ఉబికింది. మొదటి ఊపిరికే గొంతులో నిప్పు పోసినట్టయింది. కనకవ్వ బకెట్ వదిలేసి మెట్ల వైపు ఉరికింది. రెండు మెట్లు ఎక్కింది కూడా.

కొండల్ ఆలోచించలేదు. ఆలోచించడానికి వ్యవధి ఎక్కడిది? బాయిలో మొదటి రోజు పని చూపే సర్దారు చెప్పిందే ఒళ్లంతా ఆడింది. గ్యాసు పైకప్పును పట్టి ఉంటుంది, పొగ పైకే పోతుంది, తల దించినవాడే బయటపడతాడు.

"పైకి పోకు! కిందికి వంగు, కిందికి!" అని అరిచి ఆమె చీర పట్టి గుంజాడు.

"పైకి... పైకి పోనియ్యి నన్ను," అంది కనకవ్వ దగ్గుతూ. ఇంకో మాట అనలేదు. అతను ఆమె తలను నేలకు ఆనించి, తాను మోకాళ్ల మీద వంగి ఆమెను కప్పుకున్నాడు. ఎంత ప్రేమగా పట్టుకున్నాడో అంత గట్టిగా పట్టుకున్నాడు.

వాచ్‌మన్ హనుమండ్లు మూతికి తడి తువ్వాల చుట్టుకుని దిగి, ఇద్దరినీ ఈడ్చుకొచ్చేసరికి కొండల్‌కు ఊపిరి ఉంది. కనకవ్వకు లేదు.

కరీంనగర్‌లో ఒక ఆసుపత్రిలో మూడో రోజున అతనికి మాట వచ్చింది. మంచం పక్కన కూతురు వనజ కూర్చుని ఉంది. అప్పటికే ఊరంతా ఒకటే మాట, కొండల్ తన ప్రాణం అడ్డం పెట్టి పెండ్లాన్ని కాపాడబోయాడని. సంతోష్‌రావు పండ్లు పట్టుకొచ్చి అదే మాట నలుగురు వినేలా అన్నాడు. అనడా మరి? ఆ మాట నడిచినన్నాళ్లు డబ్బాల సంగతి ఎవరూ అడగరు.

సాయంత్రం డాక్టరు వచ్చి ఛాతీ మీద గొట్టం పెట్టి చూశాడు.

"నీ తల జర ఎత్తుల ఉన్నది గాబట్టి నువ్వు దక్కినవ్ పెద్దాయనా. గా గ్యాసు గాలి కన్న బరువు, నేలనే పట్టుకోని ఉంటది. మెట్లెక్కితే మీ ఆమె గూడ బతికేది. పొగల మెట్లు కనబడలేదా?"

కొండల్ కళ్లు మూసుకున్నాడు. అవును, కనబడలే. ఆ ఒక్క మాట అంటే అయిపోయేది. బతికినన్నాళ్లు అందరూ మంచోడనే అనేవాళ్లు. ఆ మాట నాలుక దాకా వచ్చింది కూడా.

డాక్టరు పోయాక వనజ అతని చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"నీకేం ఎర్క బాపూ. అవ్వను కాపాడుదామనే గదా మీద పడ్డవ్. మెట్లు కనబడకపోతె నువ్వు మాత్రం ఏం జేస్తవ్?"

కొండల్ ముక్కు మీది ఆక్సిజన్ గొట్టం పక్కకు జరిపాడు.

"కనబడ్డయ్ బిడ్డా. మీ అవ్వకు కనబడ్డయ్. రెండు మెట్లెక్కింది. పోనియ్యి అన్నది. నేనే కిందికి గుంజిన."

వనజ గొట్టాన్ని మళ్లీ అతని ముక్కుకు సరిగా పెట్టి, తన చేతులు రెండూ ఒళ్లోకి తీసుకుంది.